కిట్ లెన్స్ నుంచి ఎఫ్/2.8 జూమ్‌కి: కొనేముందు, కొనేటప్పుడు, కొన్నాక

ఫంక్షన్ హాల్లో జీలకర్ర బెల్లం ముహూర్తం. కిట్ లెన్స్‌ని (కెమెరాతో పాటు వచ్చే 18-55 జూమ్) 55 ఎంఎం దాకా లాగితే అపర్చర్, అంటే వెలుతురు దూరే కన్నం, ఎఫ్/5.6 కన్నా తెరుచుకోదు. ఎఫ్ పక్క అంకె తగ్గేకొద్దీ కన్నం పెద్దది. ఐఎస్‌ఓ (వెలుతురుకి సెన్సర్ సున్నితత్వం) 1600 పెడితే షట్టర్ 1/30 సెకను దగ్గర ఆగిపోతుంది, పెళ్లికొడుకు చెయ్యి కదిలిన చారలా పడుతుంది. ఐఎస్‌ఓని 6400కి పెంచితే 1/125 దొరుకుతుంది కానీ పట్టుచీర జరీ అంతా గరుకుగా, మెత్తగా అలుక్కుపోతుంది. అదే చోట ఎఫ్/2.8 లెన్స్ ఉంటే ఐఎస్‌ఓ 1600లోనే 1/125 వస్తుంది. అంటే రెండు స్టాపులు (ఒక్కో స్టాప్‌కి వెలుతురు రెట్టింపు), నాలుగు రెట్ల వెలుతురు. ఇంత డబ్బు పోసి కొనేది ప్రధానంగా ఈ రెండు స్టాపుల్నే.

అయితే ఆ రెండు స్టాపులూ జూమ్ చివరనే ఉన్నాయి. 18 ఎంఎం దగ్గర కిట్ లెన్స్ ఎలాగూ ఎఫ్/3.5 దాకా తెరుచుకుంటుంది. అక్కడి నుంచి 2.8కి వెళ్తే దక్కేది ఒకటిన్నర రెట్ల వెలుతురు, స్టాప్‌లో మూడింట రెండు వంతులు. పగటి ఎండలో ఎఫ్/8 పెట్టి గోల్కొండ గోడలు తీస్తే రెండు లెన్సుల ఫొటోలూ పక్కపక్కన పెట్టినా ఏది దేనిదో చెప్పడం కష్టం. ఇది తెలియకుండా కొన్నవాళ్లే నెల తిరక్కుండా అమ్మకానికి పెడుతుంటారు.

ముందు మీ పాత ఫొటోలు చూడండి

లైట్‌రూమ్ (ఫొటోలు సర్దుకునే సాఫ్ట్‌వేర్) ఉంటే లైబ్రరీ ఫిల్టర్‌లో మెటాడేటా తెరిచి ఒక కాలమ్‌ని ఫోకల్ లెంగ్త్‌కి మార్చండి. ఏ ఎంఎంలో ఎన్ని ఫొటోలు తీశారో లెక్కతో సహా వస్తుంది. లైట్‌రూమ్ లేకపోతే డిజిక్యామ్ ఉచితంగా దొరుకుతుంది. ఏడాది ఫొటోల్లో చెడిపోయినవి, అంటే కదిలినవి, గ్రెయిన్ వచ్చినవి మాత్రమే వేరు చేసి, అవి ఏ ఫోకల్ లెంగ్త్‌లో చెడ్డాయో చూడండి. నచ్చిన ఫొటోల లెక్క ఇక్కడ పనికిరాదు.

చెడినవి ఎక్కువగా 18 నుంచి 24 ఎంఎం మధ్యలో ఉండి, అందులో కదలని వస్తువులే ఉంటే (చౌమహల్లా దర్బారు హాలు షాండ్లియర్లు అనుకోండి) 2.8 జూమ్ మీ జబ్బుకి మందు కాదు. కిట్ లెన్స్‌లో ఉన్న స్టెబిలైజేషన్‌తోనే, ఊపిరి బిగబట్టి 1/10లో నాలుగు ఫ్రేములు తీస్తే ఒకటి పదునుగా వస్తుంది. ట్రైపాడ్ మాట ముందే అడిగి తెలుసుకోండి, పాత కట్టడాల దగ్గర చాలాచోట్ల ఒప్పుకోరు.

చెడినవన్నీ 50 నుంచి 55 మధ్యే ఉంటే 50 ఎంఎం ఎఫ్/1.8 ప్రైమ్ (జూమ్ లేని) లెన్స్ గురించి ఒకసారి ఆలోచించండి. ధర జూమ్‌లో చిన్న భాగం, పైగా 2.8 కన్నా ఇంకో స్టాపుం బావు వెలుతురు. చిక్కల్లా చోటుతోనే. క్రాప్ సెన్సర్ (ఫిల్మ్ సైజు ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సర్) మీద 50 ఎంఎంతో మనిషిని నిలువు ఫ్రేములో తల నుంచి పాదాల దాకా పట్టాలంటే దాదాపు నాలుగు మీటర్లు వెనక్కి జరగాలి. మన అపార్ట్‌మెంట్ల హాల్లో నాలుగు మీటర్లు వెనక్కి జరిగితే వీపు గోడకి ఆనుకుంటుంది. బారసాల, సీమంతం, బర్త్‌డేలు ఇళ్లలో తీసేవాళ్లకి జూమే దారి.

చెడినవి 24 నుంచి 55 దాకా అన్నిచోట్లా పరుచుకుని ఉండి, వాటిలో కదిలే మనుషులే ఎక్కువ ఉంటే మాత్రం వెనకాడకండి. స్టెబిలైజేషన్ మీ చేతి వణుకుని ఆపుతుందే గానీ ఎదుటి మనిషి కదలికని ఆపదు. దాన్ని ఆపేది షట్టరే, షట్టర్‌కి కావాల్సింది వెలుతురే.

మీ మౌంట్‌కి (బాడీకి లెన్స్ బిగుసుకునే చోటు) ఏది

కెనాన్ డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉన్న కెమెరా) ఉన్నవాళ్లకి 2006లో వచ్చిన ఈఎఫ్-ఎస్ 17-55 ఎఫ్/2.8 ఐఎస్ ఇప్పటికీ మంచి లెన్సే. బరువు 645 గ్రాములు, ఫిల్టర్ 77 ఎంఎం. సెకండ్ హ్యాండ్‌లో చూస్తే ముందు గాజు వెనక సన్నటి దుమ్ము చాలావాటిలో కనబడుతుంది. ఫొటోలో అది తెలియదు, బేరానికి మాత్రం వాడుకోండి. కెనాన్, నికాన్ రెండింటికీ సిగ్మా 17-50 ఎఫ్/2.8 ఓఎస్ ఉంది. 565 గ్రాములు, ఇదీ 77 ఎంఎం ఫిల్టరే. డబ్బు దగ్గర చెయ్యి బిగపట్టేవాళ్లకి ట్యామ్రాన్ 17-50 ఎఫ్/2.8 పాతది దొరుకుతుంది, ఫిల్టర్ 67, స్టెబిలైజేషన్ లేదు.

నికాన్‌వాళ్లు ఇక్కడ ఒక గుంట చూసుకుని నడవాలి. ఆ ట్యామ్రాన్ నికాన్ మౌంట్‌లో రెండు రకాలుగా వచ్చింది, లోపల మోటార్ ఉన్నదీ లేనిదీ. డి3000, డి5000 వరస బాడీల్లో (డి3500, డి5600 లాంటివి) ఫోకస్ మోటార్ ఉండదు. మోటార్ లేని లెన్స్ బిగిస్తే ఫోకస్ రింగ్ మీరే తిప్పుకోవాలి. నికాన్ మిర్రర్‌లెస్‌కి (అద్దం లేని కెమెరా) ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ వేసినా అంతే, అందులోనూ మోటార్ లేదు. అమ్మేవాడు "నికాన్‌దే సార్, పడుతుంది" అంటాడు. పట్టడం నిజమే, ఫోకస్ అవుతుందో లేదో మీ బాడీకే బిగించి చూడండి.

సోనీ, ఫ్యూజీ క్రాప్ మిర్రర్‌లెస్‌లకి పోటీ అసలు రెండింటి మధ్యే. సిగ్మా 18-50 ఎఫ్/2.8 డీసీ డీఎన్ చేతిలో పట్టేంత చిన్నది. సోనీ మౌంట్‌లో 290 గ్రాములు, ఫిల్టర్ 55 ఎంఎం. స్టెబిలైజేషన్ లేదు. ట్యామ్రాన్ 17-70 ఎఫ్/2.8 బరువు 525 గ్రాములు, ఫిల్టర్ 67, స్టెబిలైజేషన్ ఉంది, 70 దాకా వెళ్తుంది. ఎంపిక మీ బాడీని బట్టి. ఏ6400, జెడ్‌వీ-ఈ10లలో బాడీ స్టెబిలైజేషన్ లేదు కాబట్టి చేత్తో వీడియో తీసేవాళ్లకి ట్యామ్రాన్. ఏ6600, ఏ6700 ఉన్నవాళ్లు నిశ్చింతగా సిగ్మా తీసుకోవచ్చు. ఫొటోలు మాత్రమే తీసేవాళ్లకైతే ఏ బాడీ మీదైనా సిగ్మానే మా ఓటు. బరువు లేని లెన్సే రోజూ బ్యాగులోకి ఎక్కుతుంది.

కెనాన్ ఆర్50, ఆర్10లకి 2024 నుంచి అదే సిగ్మా 18-50 ఆర్ఎఫ్ మౌంట్‌లో వస్తోంది. లేదంటే అడాప్టర్ పెట్టి పాత 17-55ని వాడొచ్చు, ఆటోఫోకస్ చక్కగా పనిచేస్తుంది, ముందు బరువు మాత్రం వేలాడుతుంది.

సిగ్మా 18-35 ఎఫ్/1.8 గురించి అడగనివాళ్లుండరు. గాజు అద్భుతం. కానీ 810 గ్రాములు, స్టెబిలైజేషన్ లేదు, 35 దగ్గర ఆగిపోతుంది. రోజూ మెడలో వేసుకు తిరిగే లెన్స్ కాదది. ఫుల్ ఫ్రేమ్ 24-70ని క్రాప్ బాడీకి కొనడం కూడా ఇలాంటి పొరపాటే. కెనాన్ క్రాప్ మీద 24 కాస్తా 38 అవుతుంది, మండపం అంతా ఒక ఫ్రేములో పట్టదు. ఎప్పుడో ఫుల్ ఫ్రేమ్ కొంటాం కదా అని ఇవాళ్టి ఫొటోలు పోగొట్టుకోవద్దు.

లెన్స్‌తో పాటు మారేవి

కిట్ లెన్స్ 200 గ్రాముల చిల్లర. సిగ్మా 18-50 తప్పిస్తే కొత్తది అంతకు రెండు మూడు రెట్లు. కెమెరాని బాడీ గ్రిప్ పట్టుకుని కాకుండా ఎడమ అరచేతిని లెన్స్ కింద పెట్టి మోయడం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోండి. పాత ఫిల్టర్లు పట్టవు. కెనాన్ కిట్ 58, నికాన్ కిట్ 52 లేదా 55, కొత్తది 67 నుంచి 77 (సిగ్మా 18-50 అయితే 55). పోలరైజర్ (ప్రతిఫలనాలు తగ్గించే ఫిల్టర్) వాడేవాళ్లు ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోవాలి. హుడ్ (లెన్స్ ముందు బిగించే నీడ గొట్టం) డబ్బాలో లేకపోతే విడిగా కొనండి. సంగీత్ స్టేజీ మీద నుంచి కళ్లలోకి కొట్టే ఎల్‌ఈడీ పార్ లైట్లకి హుడ్ లేని లెన్స్‌లో తెల్లటి తెర కమ్ముకుంటుంది.

మీ కెమెరాలో పైకి లేచే ఫ్లాష్ ఉంటే ఒక చిత్రం చూస్తారు. 17 ఎంఎం దగ్గర ఫ్లాష్ కొడితే ఫ్రేమ్ అడుగున మధ్యలో అర్ధచంద్రాకారం నల్లటి నీడ. లెన్స్ పాడు కాలేదు. లావుపాటి గొట్టం ఫ్లాష్ వెలుగుకి అడ్డం పడింది, అంతే. హుడ్ తీసేసి, జూమ్‌ని 28 దాటిస్తే నీడ తగ్గుతుంది లేదా పోతుంది. దగ్గరి వస్తువులకి మాత్రం పోకపోవచ్చు, ఒకడుగు వెనక్కి వేయండి.

దుకాణంలో

కోఠి, ఆబిడ్స్ వైపు కెమెరా షాపుల్లో కొన్నా, ఎవరి దగ్గరో సెకండ్ హ్యాండ్ తీసుకున్నా మీ బాడీ వెంట తీసుకెళ్లండి. నిండా ఛార్జ్ చేసిన బ్యాటరీ, ఖాళీ కార్డు, చిన్న టార్చి, అరచేతిలో పట్టే అద్దం, ఆ రోజు దినపత్రిక క్లాసిఫైడ్స్ పేజీ ఉంటే చాలు. అరగంట పని. శనివారం సాయంత్రం వద్దు, మంగళవారం పొద్దున వెళ్తే కౌంటర్ మీద కాసేపు చోటు ఇస్తారు.

ముందు డబ్బా మీది సీరియల్ నంబర్, లెన్స్ మీది నంబర్, వారంటీ కార్డు మీది నంబర్ మూడూ ఒకటేనా చూడండి. బిల్లు మీద కూడా అదే నంబర్ రాయించుకోండి. లెన్స్ మీద జీఎస్టీ 18 శాతం. "బిల్లు లేకుండా అయితే తగ్గిస్తాం" అన్నారంటే అది చాలావరకు బయటి దేశం నుంచి వచ్చిన సరుకు, ఇక్కడి వారంటీ దానికి వర్తించదు. మోటార్, స్టెబిలైజర్, అపర్చర్ రిబ్బన్ ఉన్న వస్తువుకి వారంటీ వదులుకోవడమా, ఆ కాస్త తగ్గింపు తీసుకోవడమా అన్నది మీ లెక్క. మేమైతే బిల్లే తీసుకుంటాం.

తర్వాత గాజు లైన్‌లో ఉందా అన్న పరీక్ష. జూమ్ లెన్స్‌లో గాజు ముక్కలు చాలా ఉంటాయి, ఒకటి వెంట్రుకవాసి పక్కకి జరిగినా ఫ్రేమ్‌లో ఒక మూల మెత్తబడుతుంది. పత్రిక పేజీని గోడకి నాలుగు మూలలా టేపు వేసి అతికించండి. కెమెరా గోడకి సమాంతరంగా ఉందో లేదో కంటితో తెలియదు. అందుకే అద్దం. పేజీ నడిమధ్యన అద్దాన్ని గోడకి ఆనించి పట్టుకోమనండి. వ్యూఫైండర్ మధ్య చుక్కలో మీ లెన్స్ ప్రతిబింబం సరిగ్గా నడుమ కనబడితే కెమెరా నిటారుగా ఉన్నట్టు. అద్దం తీసేసి, కెమెరాని ట్రైపాడ్ మీదో కౌంటర్ మీదో ఉంచి, రెండు సెకన్ల టైమర్ పెట్టి, 50 దగ్గర ఎఫ్/2.8లో తీయండి. స్క్రీన్ మీద పెద్దది చేసి నాలుగు మూలల్లో ఫోన్ నంబర్ల అంకెలు చదవండి.

నాలుగు మూలలూ మధ్యకన్నా కొంచెం మెత్తగా ఉంటే అది ఆ లెన్స్ స్వభావం, వదిలేయండి. మూడు బాగుండి ఒకటి మాత్రం అలుక్కుపోతే ఆ పీస్ వద్దు, ఇంకొకటి తీయమనండి. వైడ్ దగ్గర (17, 18 ఎంఎం వైపు) పేజీ ఫ్రేమంతా నిండదు కాబట్టి తలుపు దగ్గరికి వచ్చి రోడ్డవతలి షాపు బోర్డుని వరసగా నాలుగు మూలల్లో పెట్టి, ప్రతిసారీ ఆ మూల పాయింట్‌తోనే ఫోకస్ చేసి తీయండి. ఇక్కడా అదే తీర్పు.

డీఎస్ఎల్ఆర్ అయితే ఫోకస్ పరీక్ష ఇంకోటి తప్పదు. ఎఫ్/5.6లో దాక్కున్న తప్పు 2.8లో బయటపడుతుంది. రెండు మీటర్ల దూరంలో ఒక డబ్బా పెట్టి, దాని పక్కనే స్కేలు ఏటవాలుగా ఆనించండి. లైవ్ వ్యూలో (వెనక స్క్రీన్ మీద చూస్తూ) ఐదు ఫొటోలు, వ్యూఫైండర్‌తో ఐదు. ప్రతి ఫొటోకి ముందు ఫోకస్ రింగ్‌ని చెదరగొట్టి మళ్లీ ఫోకస్ చేయాలి, లేకపోతే పరీక్షే కాదు. లైవ్ వ్యూవి పదునుగా ఉండి వ్యూఫైండర్‌వి ఐదూ ఒకే పక్కకి, ముందుకో వెనక్కో జరిగితే సర్దుబాటుతో పోతుంది. ఆ సర్దుబాటు మెనూ కెనాన్‌లో 70డి, 80డిలలో, నికాన్‌లో డి7000 వరసలో ఉంది. 1500డి, 200డి, డి3500, డి5600లలో లేదు, కాబట్టి ఈ బాడీలవాళ్లు జరిగిన పీస్‌ని అక్కడే వెనక్కి ఇచ్చేయాలి. ఐదూ ఐదు చోట్ల పడితే సర్దుబాటు పనిచేయదు. మిర్రర్‌లెస్‌వాళ్లకి ఈ తలనొప్పి లేదు, సెన్సరే ఫోకస్ చూసుకుంటుంది.

సెకండ్ హ్యాండ్ అయితే లెన్స్ విప్పి, ముందు నుంచి టార్చి వేసి వెనక నుంచి ఏటవాలుగా చూడండి. రెండు మూడు దుమ్ము నలుసులు ప్రతి లెన్స్‌లోనూ ఉంటాయి, పట్టించుకోకండి. సాలెగూడు పోగుల్లా, చెట్టు వేళ్లలా పాకినట్టుంటే ఫంగస్. అది ఎంత చవకగా ఇచ్చినా వద్దు. పాలపొరలాంటి మసక ఉన్నా వద్దు. ఫిల్టర్ రింగ్ అంచు నొక్కుకుపోయి ఉంటే కింద పడిన సరుకు. వెనక మౌంట్ స్క్రూల తలలు గీరుకుపోయి ఉంటే ఎవరో విప్పారు. లెన్స్‌ని నేలవైపు పెట్టి మెల్లగా ఊపితే గొట్టం తనంతట తనే జారడం పాత జూముల్లో మామూలే, దానికి ధర తగ్గించమనండి, అంతే. స్టెబిలైజర్ ఆన్ చేసి షట్టర్ సగం నొక్కినప్పుడు సన్నటి గుయ్ మనే చప్పుడు రావచ్చు, వ్యూఫైండర్‌లో బొమ్మ మాత్రం గెంతకూడదు.

మొదటి పది రోజులు

కొత్త లెన్స్ పెట్టగానే అందరూ చేసే పని, అన్నీ 2.8లోనే తీయడం. అప్పుడే "ఇది కిట్ లెన్స్ కన్నా మెత్తగా ఉందేంటి" అన్న అనుమానం. లెన్స్ మెత్తగా లేదు, ఫోకస్‌లో ఉండే మందం తగ్గింది. క్రాప్ సెన్సర్ మీద 50 ఎంఎం, ఎఫ్/2.8లో ఒకటిన్నర మీటర్ల దూరంలో ఆ మందం దాదాపు 10 సెంటీమీటర్లు. పెళ్లికూతురి ముక్కుపుడక మీద ఫోకస్ పడితే కళ్లు దక్కుతాయి, వెనక జడగంటలు దక్కవు. మధ్య పాయింట్‌తో కన్ను మీద ఫోకస్ చేసి, సగం నొక్కి పట్టుకుని ఫ్రేమ్ పక్కకి తిప్పే పాత అలవాటు కూడా ఇక్కడ దెబ్బతీస్తుంది. తిప్పినప్పుడు ఫోకస్ తలం కంటి వెనక్కి జరిగిపోతుంది. ఫోకస్ పాయింట్‌నే కంటి మీదకి జరపండి, మిర్రర్‌లెస్‌లో ఐ ఏఎఫ్ (కంటిని తనే వెతికి ఫోకస్ చేసేది) ఆన్ చేయండి.

ఆశీర్వచనం గ్రూప్ ఫొటోల్లో ఇంకా జాగ్రత్త. నాలుగు మీటర్ల నుంచి 50 ఎంఎంలో ముందు వరస మీద ఫోకస్ చేస్తే, 2.8లో వెనక వైపు దక్కేది నలభై సెంటీమీటర్లు కూడా కాదు. మీటరు వెనక నిలబడ్డ మేనమామలందరూ మసకే. జూమ్ వెనక్కి తీసి 35కి, అపర్చర్ 5.6కి మార్చండి, రెండు వరసలూ ధారాళంగా పడతాయి. ఇక్కడ ఫాస్ట్ (అంటే ఎక్కువ వెలుతురు పట్టే) లెన్స్ ఉపయోగం లేదు, ఫ్లాష్‌కే పని చెప్పండి.

మొదలుపెట్టడానికి ఈ సెట్టింగ్ చాలు: అపర్చర్ ప్రయారిటీ (అపర్చర్ మీరు పెడితే షట్టర్ కెమెరా చూసుకునేది), ఆటో ఐఎస్‌ఓ, కనీస షట్టర్ 1/125, ఐఎస్‌ఓ గరిష్ఠం 6400. సాయంత్రం బతుకమ్మ ఆటలాంటి చోట కనీస షట్టర్‌ని 1/250కి పెంచండి, చప్పట్లు కొట్టే చేతులు అంతకు తక్కువలో ఆగవు. లాడ్ బజార్‌లో గాజుల దుకాణాల ముందు మాత్రం సంగతి తలకిందులు. ఆ అద్దాల మీద లైట్ల మెరుపుకి కెమెరా భయపడి అమ్మేవారి ముఖాన్ని నల్లగా చేస్తుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫొటో వెలుగు పెంచి తగ్గించేది) స్టాప్‌లో మూడింట రెండు వంతులు పైకి పెట్టి, గాజుల కట్ట పట్టుకున్న వేళ్ల మీద ఫోకస్ చేయండి, వెనక మెరుపులన్నీ గుండ్రటి చుక్కలైపోతాయి. మామూలుగా జనవరి 1న నాంపల్లిలో నుమాయిష్ ఎగ్జిబిషన్ మొదలవుతుంది, ఈ రకం వెలుతురులో చెయ్యి తిప్పుకోవడానికి అంతకన్నా మంచి చోటు లేదు.

ఫాస్ట్ లెన్స్‌తో కొత్తగా మొదలయ్యే ఇంకో గొడవ, ఫొటోల్లో అడ్డంగా నల్లటి పట్టీలు. ఇంతకుముందు 1/60 దాటనివాళ్లు ఇప్పుడు 1/250 పెట్టగలుగుతున్నారు కాబట్టి ఇది బయటపడుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే నాసిరకం ఎల్‌ఈడీ లైట్లు సెకనుకి వందసార్లు వెలిగి తగ్గుతాయి. షట్టర్‌ని 1/100 లేదా 1/50లో పెడితే పట్టీలు పోతాయి. తలంబ్రాల గింజలు గాల్లో ఆగి కనబడాలని 1/500 తప్పనిసరి అయితే సైలెంట్ షట్టర్ ఆపేసి మెకానికల్‌కి మార్చండి, యాంటీ ఫ్లికర్ ఉంటే ఆన్ చేయండి, పది ఫ్రేములు తీసి ఎంచుకోండి.

వానాకాలం

జులై నుంచి సెప్టెంబర్ దాకా బీరువాలో, తోలు సంచిలో లెన్స్ పెట్టకండి, ఫంగస్‌కి అదే పుట్టిల్లు. గాలి దూరని ప్లాస్టిక్ డబ్బా, గుప్పెడు సిలికా జెల్, చిన్న తేమ మీటరు చాలు, 40 నుంచి 50 శాతం మధ్య ఉంచండి. గింజల రంగు మారగానే వేడి చేసి ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు. ఏసీ కారు దిగి వానగాలిలోకి రాగానే గాజు మీద ఆవిరి పడుతుంది. తుడవద్దు, బ్యాగు జిప్ తీయకుండా ఇరవై నిమిషాలు ఉంచితే లెన్స్ బయటి వేడికి వస్తుంది.

ఇక పాత కిట్ లెన్స్. అమ్మితే పెద్దగా పలకదు, అమ్మకండి. హోలీ రోజున, నిమజ్జనం మధ్యాహ్నం ట్యాంక్‌బండ్ మీద గులాల్, వాన, తోపులాట మధ్య, ఎఫ్/8 సరిపోయేంత వెలుతురు ఉన్నప్పుడు, ముందు ఒక చవక యూవీ ఫిల్టర్ తగిలించి దాన్నే తీసుకెళ్లండి.